మూట విప్పి చూపించండి!

పూర్వం మన ఊళ్ళలోకి చీరల మూటతో ఒకతను వచ్చేవాడు, గుర్తుందా? అరుగు మీద చతికిలబడి మంచినీళ్ళు అడిగి తాగేవాడు. "కొనక్కర్లేదమ్మా, ఊరికే చూడండి చాలు" అంటూ ముడి విప్పేవాడు. మొదటి చీర మడత విప్పి ఒక్క విసురు విసిరాడంటే, అది అరుగు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరుచుకునేది. లోపల పోపు మాడుతున్నా సరే, కాళ్ళు కదిలేవి కావు! చీర ఏ ఊరిదో, ధరెంతో తర్వాత చెప్పేవాడు. ముందు చూపించేవాడు. చూపిస్తూనే, ఎదురుగా కూర్చున్నావిడ ఏ చీర అంచు పట్టుకుని చూసిందో, ఏ చీర దగ్గర మొహం తిప్పుకుందో ఓరకంట కనిపెడుతూ ఉండేవాడు.

ఇప్పుడా అరుగు అరచేతిలో పట్టే ఫోన్‌లోకి వచ్చేసింది. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు, చీరలు తెప్పించి అమ్మేవాళ్ళు, జాకెట్లకి మగ్గం వర్క్ చేసేవాళ్ళు, కుండీల్లో మొక్కలు పెంచి అమ్మేవాళ్ళు... అందరూ వీడియోలు తీస్తున్నారు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ని నిషేధించింది. ఆ వెంటనే జూలైలో ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళు రీల్స్‌నీ, సెప్టెంబర్‌లో యూట్యూబ్ వాళ్ళు షార్ట్స్‌నీ మన దేశంలో మొదలుపెట్టారు. అసలే కరోనా రోజులు. షాపులు మూతపడి, జీతాలు తగ్గి, ఎంతోమంది ఆడవాళ్ళు చేతిలో ఉన్న విద్యతో నాలుగు రూపాయలు సంపాదించే దారి వెతుక్కున్న రోజులు. అలా మొదలైన పనులు కొన్ని ఆగిపోయాయి, కొన్ని నిలబడ్డాయి.

ఈ వీడియోలు ఎలా తియ్యాలో నేర్పుతామంటూ వేలకి వేలు ఫీజులు పుచ్చుకునేవాళ్ళు కూడా తయారయ్యారు. వాళ్ళు చెప్పేదంతా ఎక్కువమంది చేత ఎలా చూపించాలన్న దాని గురించే. మనకి కావలసింది అది కాదు కదా!

చూసేవాళ్ళు వేరు, కొనేవాళ్ళు వేరు

తణుకులో మా తోడికోడలు పచ్చళ్ళూ, పొడులూ, పండగలకి అరిసెలూ, సున్నుండలూ చేసి అమ్ముతుంది. కరోనాలో బావగారి షాపు మూతపడ్డాక, పిల్లాడి ఇంజనీరింగ్ ఫీజు కోసం మొదలుపెట్టిన పని. కాబట్టి ఆవిడకి వీడియోలు సరదా వ్యవహారం కాదు. ఆర్డర్లు రాకపోతే ఆ నెల ఫీజు కట్టడానికి చేతిలో ఉండదు.

మొదట్లో వీడియోలు వాళ్ళబ్బాయే తీసిపెట్టాడు. కుర్రాడు కదా! ఊపున్న సినిమా పాట, మెరుపులు, పచ్చడి సీసా గిరగిరా తిరగడం, దాని వెనకాల పొగలు. వేలమంది చూశారు. ఫ్రెండ్సంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆర్డరు మాత్రం ఒక్కటి రాలేదు.

తర్వాత ఓ రోజు ఆవిడ ఆవకాయ పెట్టిన మూడో రోజున జాడీ తిరగకలుపుతుంటే, పక్కనే ఉన్న అబ్బాయి ఊరికే ఫోన్ పట్టుకున్నాడు. నలభై సెకన్లో ఎంతో. పొడి గరిటె జాడీ అడుక్కి వెళ్ళింది. అడుగునున్న ముక్కలు ఎర్రగా నిగనిగలాడుతూ పైకొచ్చాయి. చుట్టూ నూనె తేలింది. వెనకనుంచి మా అత్తగారి గొంతు - "ఉప్పు చూశావా? మూడో రోజున చూడకపోతే ఇంకెప్పుడు చూస్తావే?" అంతే. పాటా లేదు, పొగా లేదు. అదే పెట్టేశారు.

చూసినవాళ్ళ సంఖ్య పాత వీడియోల్లో పదోవంతు కూడా లేదు. కానీ ఫోన్లు మొదలయ్యాయి. "ముక్క టెంకతో కొట్టించారా?" "నువ్వుల నూనేనా, పప్పు నూనె కలిపారా?" "వెల్లుల్లి లేకుండా పెట్టిస్తారా, మేం తినం." "మా అమ్మాయి అమెరికాలో ఉంది, పంపిస్తారా?" ఇవి అడిగేవాళ్ళు కొనేవాళ్ళు. పాట బాగుందని వేలు నొక్కి పోయేవాళ్ళు కారు.

ఆవిడ చేసిన తెలివైన పని ఏమిటంటే, ఈ ప్రశ్నలన్నీ పాత క్యాలెండర్ వెనక రాసి పెట్టుకోవడం. ప్రతి ప్రశ్నా ఒక వీడియో అయింది. టెంక గురించి అడిగారా? కత్తిపీట మీద కాయ పెట్టి ఒక్క దెబ్బకి టెంకతో సహా చీలడం, జీడి తీసేసి లోపలి పొర తుడవడం చూపించింది. నూనె గురించి అడిగారా? డబ్బా మూత తీసి పోస్తూ పేరు కనపడేలా పెట్టింది. "వీడియో దేనిమీద తియ్యాలో తోచడం లేదండీ" అనేవాళ్ళని చాలామందిని చూశాను. మీ దగ్గర కొన్నవాళ్ళూ, కొనబోయి ఆగిపోయినవాళ్ళూ ఏం అడిగారో గుర్తు చేసుకోండి. ఆర్నెల్లకి సరిపడా వస్తుంది.

చేత్తో ముట్టుకున్నట్టు ఉండాలి

షాపుకి వెళ్ళినప్పుడు మనం ఏం చేస్తాం? చీర అంచు తిరగేసి చూస్తాం. రెండువేళ్ళ మధ్య పెట్టి నలుపుతాం. వెలుగులోకి తీసుకెళ్ళి రంగు చూస్తాం. పచ్చడి అయితే వేలితో నాకి చూస్తాం. ఫోన్‌లో ఇవేవీ కుదరవు. ఆ లోటు తీర్చడమే వీడియో పని. అది తీర్చిందా, మిగతా హంగులు లేకపోయినా ఫరవాలేదు.

చీరలమ్మే వాళ్ళ సంగతే చూడండి. బొమ్మకి కట్టి, చుట్టూ పూలు పెట్టి, మెల్లగా తిప్పుతారు. అందంగానే ఉంటుంది. కానీ కొనేవాళ్ళ మనసులో ఉన్న అనుమానం వేరు. అది పోచంపల్లి చీర అనుకోండి. "ఇది నేసిందా, ప్రింటా?" అన్నదే అనుమానం. పోచంపల్లి పద్ధతిలో నూలునో పట్టునో ముందే ముళ్ళు కట్టి రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీద నేస్తారు. అందుకే డిజైను రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అంచుల దగ్గర రంగు కొంచెం చెదిరినట్టు కూడా ఉంటుంది. ఒకవైపే అచ్చు వేసిన ప్రింటు అయితే వెనకవైపు వెలవెలబోతుంది. మీ దగ్గరున్నది అసలైనదే అయితే, ఐదు సెకన్లు చీర తిరగేసి చూపిస్తే చాలు. "హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్ అండీ" అని పదిసార్లు చెప్పడం కంటే అది ఎంతో నయం.

గద్వాల చీరకి ఒళ్ళు నూలుది, అంచూ కొంగూ పట్టువి. ఆ రెండూ కలిసే చోటు చూపించి, అటూ ఇటూ మెల్లగా లాగి చూపించండి. పట్టు అయితే సిల్క్ మార్క్ లేబుల్, చేనేత అయితే హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంటే వాటిని దగ్గరగా చూపించండి. లేకపోతే లేదనే చెప్పండి. నేతలో ఎక్కడైనా పోగు లేచి ఉందా? అదీ చూపించండి. "చేనేతలో ఇది ఉంటుందమ్మా, అందుకే వంద తగ్గిస్తున్నాను" అన్న ఒకావిడ వీడియో చూసి నేనే ఒక చీర తెప్పించుకున్నాను. చూపించిన పోగు చూపించిన చోటే ఉంది!

ఇక రంగు. వీటిలో తిరిగొచ్చే చీరల్లో ఎక్కువ భాగం రంగు గొడవే అని అమ్మేవాళ్ళందరూ చెప్తారు. ట్యూబ్‌లైట్ కింద నీలం ఒకలా, ఎండలో ఒకలా ఉంటుంది. ఫోన్‌లో అందం కోసం పెట్టే ఫిల్టర్లు పూర్తిగా తీసెయ్యండి. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే చూసేవాళ్ళ కంటికి కొలత దొరుకుతుంది. దానికితోడు నోటితో కూడా చెప్పండి. మన భాషలో రంగులకి ఎన్ని పేర్లు! వంగపండు రంగు, ఉల్లిపొర రంగు, నెమలికంఠం, చిలకపచ్చ, మామిడిపిందె రంగు. "పర్పుల్" అంటే పదిమందికి పది రంగులు తోస్తాయి. "వంగపండు రంగు" అంటే ఎవరికి తెలియదు? చూపించేటప్పుడు ఒకసారి గదిలోనూ, ఒకసారి వాకిట్లోనూ చూపిస్తే ఇంకా మంచిది.

తినేవాటికైతే, తయారయ్యే ఆ ఒక్క క్షణం పట్టుకోవాలి. ఆత్రేయపురం పూతరేకులే చూడండి. బోర్లించిన కుండ, కింద మంట. పలచటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద ఇలా పరిచి అలా తీసేసరికి, కాగితంలాంటి పొర లేచి వస్తుంది. ఎన్నిసార్లు చూసినా కన్ను తిప్పుకోలేం. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సీసాలో పెట్టిన పూతరేకుని ఎన్ని లైట్ల మధ్య తీసినా ఆ పొర లేచే క్షణం ముందు దిగదుడుపే! మీ పనిలోనూ అలాంటి క్షణం ఒకటి ఉండే ఉంటుంది. జంతికల గొట్టం తిప్పగానే నూనెలో బుసబుసలాడడం, రోట్లో కొబ్బరి పచ్చడి బండకి అంటుకోవడం, మగ్గం వర్క్‌లో పూస సూదికెక్కడం... రోజూ చేసే పని కాబట్టి మన కంటికి అది ఆనదు. పక్కింటావిణ్ణి పిలిచి, "నేను పని చేసేటప్పుడు నీకు చూడబుద్ధయ్యేది ఏమిటి?" అని అడగండి, చెప్తుంది.

మొదటి మాట ఏమిటి?

"హాయ్ ఫ్రెండ్స్, నమస్తే, వెల్‌కమ్ టు అవర్ ఛానల్..." ఈ మాటలు అయ్యేలోపు చూసేవాళ్ళ బొటనవేలు పైకి జరిగిపోతుంది. మన సీరియళ్ళలాగా ముందు జరిగిన కథ చెప్పే తీరిక ఇక్కడ లేదు. గరిటె జాడీలోకి వెళ్ళడంతోనే మొదలుపెట్టండి. నమస్కారం చివర్లో పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు.

మాట మీ ఊరి మాటే మాట్లాడండి. యాంకరమ్మల ఇంగ్లీషు తెలుగు అరువు తెచ్చుకోవద్దు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వని చూడండి. పొలంపనులు చేసుకునే ఆవిడ, తన యాస ఏమాత్రం మార్చుకోకుండా 'మై విలేజ్ షో' వీడియోల్లో మాట్లాడింది. 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా వెళ్ళింది. వందేళ్ళు పైబడ్డ మస్తానమ్మ పుచ్చకాయ డొల్లలో కోడికూర వండుతుంటే ప్రపంచమంతా చూసింది. ఆవిడ 2018లో కన్నుమూసింది. ఆ బోసినోటి నవ్వు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. వీళ్ళెవరూ ఏమీ అమ్మడానికి రాలేదు, నిజమే. కానీ ఉన్నమాట ఉన్నట్టు మాట్లాడితే జనం వింటారని వాళ్ళని చూస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి. బస్సులోనూ, ఆఫీసులోనూ, పిల్లని జోకొడుతూనూ చూసేవాళ్ళు శబ్దం కట్టేసి చూస్తారు. అందుకని ముఖ్యమైన రెండు మూడు మాటలు తెలుగు అక్షరాల్లో బొమ్మ మీద వచ్చేలా పెట్టండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, మరీ అడుక్కి పెట్టకూడదు. అక్కడ పేరూ, వివరాలూ వచ్చి కప్పేస్తాయి.

ఖర్చులేని ఏర్పాట్లు

కెమెరా కొనాలా, లైట్లు కొనాలా అని అడుగుతారు. వద్దు. ముందు ఫోన్ కెమెరా అద్దాన్ని పైటచెంగుతో శుభ్రంగా తుడవండి. నూనె చేతులతో పట్టుకున్న ఫోన్ కదా, సగం వీడియోలు మసకగా ఉండేది అందుకే. ఫోన్ నిలువుగా పట్టుకోవాలి. ఉదయం ఎనిమిదీ పదింటి మధ్య కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పళ్ళెం పెట్టుకోండి. వెనకనుంచి పడితే వస్తువు నల్లగా వస్తుంది. ఫోన్ పట్టుకోవడానికి మనిషి లేకపోతే రెండు బియ్యండబ్బాల మధ్య ఆనించండి. తీసేటప్పుడు ఫ్యాన్ కట్టెయ్యండి, టీవీ కూడా. లేకపోతే మీ జంతికల వెనకాల సీరియల్ అత్తగారి ఏడుపు వినిపిస్తుంది! కుక్కర్ కూత మాత్రం వచ్చినా ముచ్చటగానే ఉంటుంది.

వెనకాల చెప్పే మాటల్ని తర్వాత విడిగా రికార్డు చేసుకోవచ్చు. అప్పుడు బట్టల బీరువా తలుపు తెరిచి దాని ముందు కూర్చుని చెప్పండి. ఖాళీ గదిలోలా గొంతు మోగదు.

సినిమా పాటల సంగతి కొంచెం జాగ్రత్త. మామూలుగా వాడుకునేవాళ్ళకి ఇన్‌స్టాగ్రామ్‌లో దొరికే పాటలన్నీ వ్యాపార ఖాతాలకి దొరకవు. వ్యాపారానికి ఇంకొకరి పాట వాడుకోవాలంటే హక్కులుండాలి. లేకపోతే శబ్దం తీసేస్తారు, వీడియోనే తీసేసినా తీసేస్తారు. పోపు చిటపటలకి ఏ హక్కులూ అక్కర్లేదు.

మొహం చూపించాలా?

ఇది చిన్న ప్రశ్న కాదు. ఎన్నో ఇళ్ళలో వ్యాపారం ఆగిపోయేది ఇక్కడే. పచ్చళ్ళు అమ్మితే ఒప్పుకుంటారు. డబ్బొస్తే ఇంకా ఒప్పుకుంటారు. "ఊరందరికీ మొహం చూపించడం ఏమిటి?" అన్న దగ్గర గొడవ మొదలవుతుంది. మా తోడికోడలి ఇంట్లోనూ అంతే. బావగారు ఏమీ అనలేదు గానీ, అత్తగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "మన ఇంటి ఆడవాళ్ళు ఫోటో స్టూడియోకే పెళ్ళికి ముందు ఒక్కసారి వెళ్ళేవాళ్ళు" అంది.

ఆవిడతో వాదించలేదు మా తోడికోడలు. చేతులు మాత్రమే చూపించింది. నిజానికి పచ్చడి అమ్మడానికి మొహం ఎందుకు? చేతులు, గాజులు, కత్తిరించిన గోళ్ళు, తుడిచిన వంటగట్టు... కొనేవాళ్ళు చూసేది వాటినే. గొంతు వినపడితే చాలు, మనిషి ఉన్నట్టే. మొహం చూపించడానికి ఇబ్బంది లేనివాళ్ళు హాయిగా చూపించుకోవచ్చు, దాని లాభం దానికుంది. ఇష్టంలేకపోతే అదేదో లోటు అని మాత్రం అనుకోవద్దు. "మొహం చూపించకపోతే వ్యాపారం ఎదగదు" అని ఫీజులు తీసుకుని చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను. ఎవరి ఇంట్లో ఎంత నెగ్గుకు రావాలో ఆ ఇంటావిడకే తెలుస్తుంది.

కొన్నాళ్ళకి సున్నుండలు చుట్టే వీడియోకి మా అత్తగారే కూర్చుంది! ఆ వేళ్ళతో వేడి నెయ్యి పిండిలో కలిపి ఉండ చుట్టడం ఇంకెవరికీ రాదు కాబట్టి తప్పలేదు. అమెరికా నుంచి మేనకోడలు ఫోన్ చేసి "అత్తా, నీ చేతులు గుర్తుపట్టాను" అని ఏడ్చింది. ఆ తర్వాత అత్తగారికి కోపం పోయింది. పోవడమేమిటి, "ఇవాళ తియ్యడం లేదా?" అని తనే అడగడం మొదలుపెట్టింది.

కానీ ఓ రోజు వీడియో చూసుకుంటూ, "నా చెయ్యి వణుకుతోందే... అది పెట్టకు" అంది. ఆ వణుకు చూస్తే జనం కరిగిపోతారు, బాగా నడుస్తుంది అని అబ్బాయికి తెలుసు. చెప్పాడు కూడా. మా తోడికోడలు ఆ ముక్క చెరిపేసింది. అప్పట్నుంచి అత్తగారికి చూపించకుండా ఆవిడ వీడియో ఏదీ పెట్టదు. నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో ఆవిడ తీసుకున్న మంచి నిర్ణయం ఇదే. పెద్దవాళ్ళనీ, పిల్లల్నీ ముందు పెట్టి సరుకు అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళు ఒప్పుకున్నారా అని అడిగేవాళ్ళేరీ?

వీడియోలో ఇంటి నంబరు, గేటు, బండి నంబరు, పిల్లల స్కూలు యూనిఫాం పడకుండా చూసుకోండి. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి. దాని మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే, ఖర్చు లేకుండా సరుకుల పట్టిక, ధరలు అందులోనే పెట్టుకోవచ్చు. రాత్రి తొమ్మిది తర్వాత ఆ ఫోన్ పక్కన పడెయ్యండి. ఇక కామెంట్లలో వెకిలి మాటలు రాసేవాళ్ళుంటారు. జవాబు చెప్పొద్దు, చెరిపేసి ఆ మనిషి మళ్ళీ రాకుండా కట్టెయ్యండి. "ఉప్పు ఎక్కువైంది" అని రాసినవాళ్ళది మాత్రం చెరపకండి. దానికి అందరూ చూసేలా మర్యాదగా జవాబు చెప్పండి. కొత్తగా కొనేవాళ్ళు ముందుగా చదివేది ఆ జవాబునే.

ధర దాచకండి

"ధర కోసం మెసేజ్ చెయ్యండి" అని రాస్తారు చాలామంది. ఎందుకో నాకు అర్థం కాదు! అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అరకిలో ఎంత, కిలో ఎంత, కొరియర్ ఎంత, ఎన్నాళ్ళకి చేరుతుంది... నాలుగూ రాసెయ్యండి. తినేవి అమ్మేవాళ్ళు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేసుకుని తీరాలి, ఇంటి వంటిల్లు అయినా సరే. వాళ్ళిచ్చే 14 అంకెల నంబరు సీసా మీద ఉండాలి. అదే వీడియోలో ఒక క్షణం కనపడనిస్తే అడగకుండానే సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇంకొక ప్రమాదం ఉంది. కరివేపాకు పొడి "షుగర్ తగ్గిస్తుంది", అవిసెగింజల పొడి "గుండెజబ్బు రానివ్వదు" అని వీడియోల్లో చెప్పేస్తున్నారు. మధుమేహంలాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు చెయ్యడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. చట్టం మాట అటుంచి, ఆ మాట నమ్మి ఎవరైనా పెద్దాయన మాత్రలు మానేస్తే? వేడివేడి అన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకుంటే రుచిగా ఉంటుంది అని చెప్పండి. పొడి అమ్ముడు పోవడానికి అది చాలదూ?

వేలకొద్దీ అభిమానులున్న కుర్రకారు "డబ్బిస్తే మీ పచ్చళ్ళ గురించి చెప్తాం" అని వస్తారు. ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం గానీ, డబ్బు తీసుకుని చెప్పేది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా ఉండాలన్నది ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో పెట్టిన నియమం. అలా రాయనంటే వాళ్ళతో పెట్టుకోకండి. వాళ్ళ అభిమానులు ఏ ఊళ్ళవాళ్ళో కూడా అడగండి. మీరు తణుకులో మాత్రమే ఇచ్చే ఇడ్లీపిండికి హైదరాబాద్ అభిమానులతో పనేముంది?

డబ్బు దగ్గర కళ్ళు తెరిచి

వీడియో బాగా నడిచిన వారంలోనే మోసగాళ్ళు కూడా వస్తారు. పెద్ద ఆర్డరు ఇస్తారు. డబ్బు పంపినట్టు స్క్రీన్ ఫోటో పంపిస్తారు, "తొందరగా పంపండి, ఫంక్షన్ ఉంది" అంటారు. ఆ ఫోటో ఎవరైనా తయారు చెయ్యొచ్చు. మీ బ్యాంకు ఖాతాలో జమ అయిందో లేదో మీరే చూసుకున్నాకే పార్సెల్ కట్టండి. "డబ్బు వెయ్యాలంటే ఈ లింక్ నొక్కి పిన్ కొట్టండి" అంటే అక్కడే ఆపెయ్యండి. డబ్బు తీసుకోవడానికి పిన్‌తో పనిలేదు, పంపించడానికే పిన్. "మీ పేజీ మూసేస్తున్నాం, ఓటీపీ చెప్పండి" అని కంపెనీవాళ్ళలా రాసే మెసేజ్‌లు కూడా అంతే. పాస్‌వర్డ్‌కి తోడు రెండో తాళం వేసుకునే సదుపాయం అన్నిట్లోనూ ఉంది, పిల్లల చేత పెట్టించుకోండి.

అద్దె ఇల్లు

రోజుకొక వీడియో పెట్టకపోతే లాభం లేదంటారు. ఇంటిపని, వంటపని, ఆర్డర్ల పని, ఆపైన రోజూ సినిమా తియ్యాలా? మా తోడికోడలు పదిహేను రోజులకోసారి, ఎలాగూ వంట సాగే రోజునే నాలుగు ముక్కలు తీయించి పెట్టుకుంటుంది. వారానికి రెండు పెడుతుంది. ఆ రెండూ మానదు. శ్రావణమాసానికీ, సంక్రాంతికీ నెల ముందే మొదలుపెడుతుంది. పండగ రోజున అరిసెల వీడియో పెట్టి ఏం ప్రయోజనం? చెయ్యగలిగినన్నే ఆర్డర్లు తీసుకుంటుంది. నిండిపోగానే "ఈ విడత అయిపోయిందండీ" అని అదే పేజీలో పెట్టేస్తుంది.

ఇంతకీ అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఈ పేజీలేవీ మన సొంతం కావు. 2020 జూన్‌లో టిక్‌టాక్ పోయినప్పుడు, దాన్నే నమ్ముకుని లక్షలమందిని కూడగట్టుకున్నవాళ్ళు రాత్రికి రాత్రి ఖాళీ చేతులతో మిగిలారు. తమ దగ్గర కొన్నవాళ్ళ ఫోన్ నంబర్లు విడిగా రాసిపెట్టుకున్నవాళ్ళ వ్యాపారం మాత్రం మరోచోట నడిచింది. కాబట్టి వీడియో చూసి వచ్చిన ప్రతి ఆర్డరు పేరూ, నంబరూ, ఊరూ కాగితం మీదికి ఎక్కించండి. తీసిన వీడియోలన్నీ ఫోన్‌లోంచి ఇంకోచోటికి దాచుకోండి.

మా తోడికోడలిది రెండొందల పేజీల లాంగ్‌బుక్. ఒక్కో పేరు పక్కన ఒక్కో మాట ఉంటుంది. "కారం సగం." "వెల్లుల్లి వద్దు." "మామగారికి మెత్తటి ముక్క." ఒకచోట "కూతురు పురుడు, మే నెల" అని ఉంది. మే మొదటి వారంలో తనే ఫోన్ చేసి, బాలింతకి కరివేపాకు కారం పంపమంటారా అని అడిగింది. వాళ్ళు రెండు సీసాలు అడిగారు.